నీళ్ళకి రాయి ఎలా కరుగుతుంది?

మీరు అడిగినవి మూడు. గ్రూప్స్ గైడులో "సముద్రపు పలక భూమి లోపలికి దిగి, రాపిడి వేడికి కరిగి, మాగ్మాగా మారి పైకి వస్తుంది" అని ఉంది, ఒక వీడియోలో మాత్రం అసలు కారణం నీళ్ళు అన్నారు, ఏది నమ్మాలి? నీళ్ళు పోస్తే నిప్పు ఆరాలి గానీ రాయి కరగడమేమిటి? హిమాలయాల కింద కూడా మన పలక దూరుతోంది కదా, మరి అక్కడ అగ్నిపర్వతాలు ఎందుకు లేవు? రాళ్ళని సన్నగా అరగదీసి మైక్రోస్కోపు కింద చూడటమే నాకు ముప్పై ఏళ్ళుగా పని. ఆ గైడు వాక్యం నేను చదువుకునే రోజుల్లో కూడా అక్షరం మారకుండా ఇలాగే ఉండేది. ఒకరి దాంట్లోంచి ఒకరు ఎక్కించుకుంటూ వస్తున్నారు, అంతే.

వీడియో చెప్పిందే సరైనది. గైడు తప్పింది ఒక్క చోటే, కాకపోతే ఆ చోటే ముఖ్యమైనది. దిగుతున్న పలక, అంటే సముద్రం అడుగున ఉండే టెక్టానిక్ ప్లేట్, సాధారణంగా కరగదు. దాని పైన ఉన్న మాంటిల్ రాయి, అంటే మన పాఠ్యపుస్తకాల్లో ప్రావారం అనేది, అది కరుగుతుంది. పలక చేసేదల్లా కిందనుంచి దానికి నీళ్ళు అందించడం.

ముందు వేడి లెక్క చూద్దాం. జపాన్ ఈశాన్య తీరం తీసుకోండి. అక్కడ దిగుతున్న పసిఫిక్ పలక వయసు సుమారు 13 కోట్ల ఏళ్ళు. పుట్టినప్పుడు కాలే రాయే, కానీ ఇన్ని కోట్ల ఏళ్ళు సముద్రం అడుగున, సున్నా డిగ్రీలకు కాస్త పైన ఉండే నీళ్ళ కింద పడి ఉండి పదుల కిలోమీటర్ల మందాన చల్లబడిపోయింది. అది ఏడాదికి ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్ల చొప్పున ఏటవాలుగా దిగుతోంది. ఆ లెక్కన 100 కి.మీ. లోతు చేరడానికి ఇరవై, పాతిక లక్షల ఏళ్ళు చాలు. మనకి అది నత్తనడక, రాతికి మాత్రం పరుగే. వేడిని లోపలికి పోనివ్వడంలో రాయి చాలా బద్ధకం. ఎండాకాలంలో మీ డాబా స్లాబే చూడండి, అయిదంగుళాల మందం, పొద్దుగూకాక కూడా అర్ధరాత్రి దాకా గదిలోకి వేడి దింపుతూనే ఉంటుంది. ఇక పదుల కిలోమీటర్ల మందమున్న పలక అన్ని లక్షల ఏళ్ళలో లోపలిదాకా ఏం కాగుతుంది? 100 కి.మీ. దగ్గర దాని పైపొర 700 నుంచి 900 డిగ్రీల మధ్య ఉంటుంది, పక్కనున్న మాంటిల్ 1,300 దాటి ఉంటుంది. ఆ చుట్టుపక్కల అన్నిటికంటే చల్లని వస్తువు ఈ పలకే.

రాపిడి వేడి అంటారా, కొంత పుడుతుంది, కాదనను. కానీ రాయి వేడెక్కేకొద్దీ మెత్తబడుతుంది, మెత్తబడ్డాక జారుతుందే గానీ రాసుకోదు. అంటే రాపిడి తనని తానే తగ్గించుకుంటుంది. అది కరిగేదాకా లాక్కెళ్ళలేదు.

మరి 1,300 డిగ్రీల్లో ఉన్న మాంటిల్ అప్పటిదాకా ఎందుకు కరగలేదు? ఒత్తిడి వల్ల. మాంటిల్‌లో ఉండే రాయిని పెరిడొటైట్ అంటారు, ఎక్కువ భాగం ఆకుపచ్చ ఆలివిన్ ఖనిజం. దాన్ని ల్యాబులో మామూలు గాలి ఒత్తిడిలో కాలిస్తే 1,100 దాటగానే కరగడం మొదలవుతుంది. 100 కి.మీ. లోతున ఒత్తిడి మన గాలి ఒత్తిడికి 30 వేల రెట్లు. కరిగిన రాయికి గట్టి రాయికంటే కాస్త ఎక్కువ చోటు కావాలి, ఆ ఒత్తిడి ఆ చోటు ఇవ్వదు, కాబట్టి 1,450 దాటితేగానీ కరగదు. అంటే కొరత నూట యాభై, రెండు వందల డిగ్రీలు. దాన్ని పూడ్చడానికి ఉన్న దారులు మూడే: రాయిని ఇంకా కాల్చాలి, లేదా పైకి తెచ్చి ఒత్తిడి తగ్గించాలి, లేదా కరిగే హద్దునే కిందకి దించాలి. మన దక్కన్ ట్రాప్స్, అంటే ఆదిలాబాద్, వికారాబాద్ వైపు నల్లరేగడి కింద ఉండే నల్లరాయి, రాజమండ్రి దగ్గర పంగిడి క్వారీల్లో కొట్టే రాయి, ఇవన్నీ 6.6 కోట్ల ఏళ్ళ కిందటి బసాల్ట్‌లు. అవి మొదటి రెండు దారుల్లో పుట్టినవి, బాగా వేడిగా ఉన్న మాంటిల్ పైకి లేచి, ఒత్తిడి తగ్గి కరిగింది. జపాన్, ఇండోనేషియా, ఆండీస్ అగ్నిపర్వతాలది మూడో దారి. పరీక్షలో ఈ రెంటినీ కలిపేసి రాస్తే మార్కు పోయేది ఇక్కడే.

ఇప్పుడు నీళ్ళ సంగతి. లోపలికి నీళ్ళు వెళ్ళడమంటే చాలామంది సముద్రం అడుగున పగులు పడి, బావిలోకి కారినట్టు నీళ్ళు కారతాయనుకుంటారు. అలా వెళ్ళే నీళ్ళు కొంత ఉన్నా, మట్టిలోని తడి మొదటి కొన్ని కిలోమీటర్లలోనే బట్ట పిండినట్టు పిండుకుపోయి మళ్ళీ సముద్రంలోకి వచ్చేస్తుంది. లోతుకు వెళ్ళేది రాయి లోపల, ఖనిజపు అల్లికలో భాగమైపోయిన నీళ్ళు. చేత్తో పట్టుకుంటే తడి తగలదు.

దీన్ని వంటింట్లో చూడొచ్చు. పటిక ముక్క తీసుకోండి, గడ్డం గీసుకున్నాక రాసుకునేది. పొడిగా, రాయిలా ఉంటుంది. పాత పెనం మీద పెట్టి సన్నసెగ మీద కాల్చండి. కాసేపటికి మెత్తబడి, తన నీళ్ళలో తానే కరిగి, బుసబుసా నురగ కక్కుతూ, చివరికి పేలాల్లా పొంగి తెల్లగా తేలికైపోతుంది. నాటువైద్యంలో పొంగించిన పటిక అనేది ఇదే. ఆ పొడి ముక్క బరువులో 45 శాతం నీళ్ళే. ఆవిరి పోయాక తూచి చూస్తే తేడా తెలుస్తుంది. దిగుతున్న పలకలో జరిగేది ఇదే పని, కాకపోతే ఇంట్లో పటికకి పట్టే పది నిమిషాలు అక్కడ లక్షల ఏళ్ళు.

పలకలో ఈ పటికలాంటి ఖనిజాలు చాలా ఉన్నాయి. క్లోరైట్, లాసొనైట్, యాంఫిబోల్, అన్నిటికంటే ముఖ్యంగా సర్పెంటైన్, దాని బరువులో 13 శాతం దాకా నీళ్ళు. సర్పెంటైన్ అంటే ఏదో దూరదేశపు రాయి అనుకోకండి, పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో తవ్విన రాతినార, అదే ఆస్బెస్టాస్, అది సర్పెంటైన్ జాతిదే. మన రాతినార పుట్టిన కథ వేరు, అక్కడ ఏ పలకా దిగలేదు, సున్నపురాయి లాంటి డోలమైట్‌లోకి వేడి మాగ్మా దూరినప్పుడు పుట్టింది. ఖనిజం ఎలా ఉంటుందో తెలియడానికి చెప్పాను. దాన్ని చేత్తో పీకి, నలిపి చూడొద్దు, ఆ పీచు ఊపిరితిత్తులకి చాలా చెడ్డది.

పలకలోకి ఈ నీళ్ళు ఎప్పుడు ఎక్కాయి? రెండు సార్లు. ఒకటి, పుట్టినప్పుడే. సముద్రం మధ్య రిడ్జ్‌ల దగ్గర, అంటే పలకలు విడిపోయే చోట నీటి అడుగున ఉండే కొండల వరసల దగ్గర, కొత్త రాయి ఇంకా వేడిగా ఉండగానే ఉప్పునీళ్ళు పగుళ్ళలోకి దిగి, కాగి, మళ్ళీ బయటకి వస్తాయి. 1977లో గాలపాగస్ దగ్గర ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామిలో దిగినవాళ్ళు ఇలాంటి వేడి ఊటలు మొదటిసారి కళ్ళారా చూశారు. 1979లో ఇంకో చోట 350 డిగ్రీల నల్లటి పొగగొట్టాలు దొరికాయి. అలా తిరిగే నీళ్ళు రాయిలోని ఖనిజాలను మార్చేసి, వాటిలోనే ఉండిపోతాయి. రెండోది, దిగబోయే ముందు. ట్రెంచ్, అంటే పలక దిగే చోట సముద్రంలో ఉండే లోతైన అగాధం, దాని అంచున పలక వంగుతుంది, వంగిన చోట పైభాగం చిట్లుతుంది, ఆ పగుళ్ళు ఏడు కిలోమీటర్ల మందమున్న సముద్రపు పటలాన్ని దాటి కింది మాంటిల్ దాకా పోతాయి, నీళ్ళు అక్కడికి చేరి ఆలివిన్‌ని సర్పెంటైన్‌గా మారుస్తాయి. ప్రపంచం మొత్తం మీద ఏటా వంద కోట్ల టన్నుల నీళ్ళు ఇలా ఖనిజాల్లో కట్టుబడి లోపలికి వెళ్తున్నాయని ఒక అంచనా.

వెళ్ళినవి ఒక్కసారిగా బయటపడవు. బంకమన్ను ఖనిజాలు నూరు, నూట యాభై డిగ్రీల్లోనే నీళ్ళు వదిలేస్తాయి, అది అగ్నిపర్వతానికి పనికిరాదు, చాలా పైన. తర్వాత పలక పైభాగంలోని బసాల్ట్ వంతు. లోతుకు పోయేకొద్దీ అది నీలిరంగు బ్లూషిస్ట్‌గా, ఆ తర్వాత ఎర్రటి గార్నెట్, పచ్చటి పైరాక్సీన్ ఉన్న ఎక్లోగైట్‌గా మారుతుంది. ఎక్లోగైట్‌లో నీళ్ళకి దాదాపు చోటు లేదు. కాబట్టి ఈ మార్పు జరిగే చోట, చాలా చోట్ల 70 నుంచి 100 కి.మీ. ప్రాంతంలో, నీళ్ళు పెద్ద ఎత్తున బయటపడతాయి. ఎక్లోగైట్ మాంటిల్ కంటే కూడా బరువు, అందుకే అది పలకని ఇంకా కిందకి లాగుతుంది, అది వేరే పాఠం. చివరగా సర్పెంటైన్, 600-700 డిగ్రీల దగ్గర విడిపోతుంది. చల్లటి ముసలి పలక అయితే ఈ నీళ్ళని ఇంకా లోతుకు మోసుకుపోతుంది. అమెరికా పడమటి తీరంలో దిగే కోటి ఏళ్ళలోపు లేత పలక అయితే వేడిగా ఉంటుంది కాబట్టి పైనే చాలావరకు కక్కేస్తుంది.

ఇక్కడ "నీళ్ళు" అంటున్నాను గానీ మన గ్లాసులో నీళ్ళు ఊహించుకోవద్దు. 374 డిగ్రీలు, 218 వాతావరణాల ఒత్తిడి దాటాక నీరు, ఆవిరి అనే తేడా ఉండదు. అక్కడి పదార్థం ఆవిరిలా సందుల్లో దూరుతుంది, నీళ్ళలా బరువుంటుంది, రాతిలోని సిలికాని కూడా తనలో కలుపుకుంటుంది. పొటాషియం, బేరియం, సీసం లాంటివి దీంతో పాటు తేలిగ్గా వచ్చేస్తాయి, నయోబియం, టాంటలం రావు. అందుకే ఇలాంటి లావాల్లో బేరియం దండిగా ఉండి నయోబియం లోటుగా కనిపిస్తుంది. ఎక్కడిదో తెలియని లావా రాయి పరీక్షకి వస్తే మేం మొదట చూసేది ఈ రెండు అంకెలే.

అలా బయటపడ్డ ద్రవం తేలిక కాబట్టి పైకి పోతుంది. పలకని ఆనుకుని ఉన్న మాంటిల్ పొర కూడా చల్లగానే ఉంటుంది, కాబట్టి అక్కడ కరగడం జరగదు, ఆ రాయి నీళ్ళు తాగి తనే క్లోరైట్‌గా, సర్పెంటైన్‌గా మారుతుంది. ఇంకాస్త పైకి, పలకకీ పైనున్న భూపటలానికీ మధ్య చీలిక ఆకారంలో ఉండే మాంటిల్ నడిబొడ్డుకి చేరితే అక్కడ 1,300 డిగ్రీలు. ఆ వేడి ఎక్కడిది? దిగే పలక తనని ఆనుకున్న మాంటిల్‌ని కూడా కిందకి ఈడ్చుకుపోతుంది, ఖాళీ అయిన చోటులోకి వెనకనుంచి కొత్త వేడి మాంటిల్ వచ్చి చేరుతుంది. చల్లటి పలక పక్కనే అన్నేళ్ళుగా ఉన్నా ఆ మాంటిల్ చల్లారకపోవడానికి ఆ పలకే కారణం. చల్లదనం తెచ్చేదీ అదే, వేడిని లాక్కొచ్చేదీ అదే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, నీళ్ళు పడితే రాయి కరగడమేమిటని. నిప్పు మీద నీళ్ళు పోసినప్పుడు ఆవిరి వేడిని ఎత్తుకుపోతుంది. ఇక్కడ అది కాదు జరిగేది. ఇది కలపడం వల్ల కరిగే హద్దు పడిపోవడం. కుల్ఫీ బండివాడు ఐసుముక్కల్లో కల్లుప్పు ఎందుకు వేస్తాడు? ఉప్పు తగిలిన ఐసు సున్నాకి చాలా కిందే కరిగిపోతుంది. ఉప్పు వేడి తేలేదు, హద్దు మార్చింది. రేడియో రిపేరు షాపులో టంకం ఇంకా బాగా చెబుతుంది: తగరం ఒక్కటే అయితే 232 డిగ్రీలకి కరుగుతుంది, సీసం ఒక్కటే అయితే 327కి, రెంటినీ 63, 37 పాళ్ళలో కలిపితే 183కే కరుగుతుంది. విడివిడిగా ఉన్నప్పుడు రెండూ గట్టిగా ఉండే వేడిలో, కలిస్తే నీళ్ళయిపోతాయి.

రాతిలో ఇంకో విషయం ఉంది. కరిగిన రాయి అంటే సిలికాన్, ఆక్సిజన్ గొలుసుల చిక్కుముడి. నీటి అణువు ఆ గొలుసులో దూరి, సిలికాన్‌కీ సిలికాన్‌కీ మధ్య ఉన్న ఆక్సిజన్ బంధాన్ని తెంచి, తను హైడ్రాక్సిల్‌గా రెండు వైపులా అతుక్కుంటుంది. గట్టి ఆలివిన్‌లో నీళ్ళకి అంత చోటు లేదు, కరిగిన దాంట్లో బోలెడు చోటు. కాబట్టి నీళ్ళు ఉంటే కరిగిన రూపానికే మొగ్గు. 1968లో ఇకువో కుషిరో, ఆయన సహచరులు పెరిడొటైట్‌ని నీళ్ళతో కలిపి అధిక ఒత్తిడిలో కాల్చి చూశారు, పొడి రాయి కంటే వందల డిగ్రీల తక్కువకే కరిగింది. ఆ హద్దు 1,000 దగ్గర అని కొందరు, కాదు 800 దగ్గరే అని కొందరు ఈరోజుకీ వాదించుకుంటున్నారు. మనకి ఆ గొడవ అక్కర్లేదు, ఎందుకంటే అక్కడున్న 1,300 డిగ్రీలు ఈ రెండు అంకెలకీ పైనే. నీళ్ళు తగిలాయా, కరిగింది. మొత్తం కాదు లెండి, పది, ఇరవై శాతం. మిగతాది గట్టిగానే ఉంటుంది, కరిగినది గింజల సందుల్లోంచి చెమ్మలా చేరి పైకి పోతుంది.

ఇదంతా వంద కిలోమీటర్ల లోతు కథ, చూసొచ్చినవాడెవడూ లేడు కదా, ఎలా నమ్మాలి అని మీరు అడగాలి. అడగలేదు, అయినా చెబుతాను, ఎందుకంటే నాకు ఇష్టమైన భాగం ఇదే.

మొదటిది, లావాలోనే నీళ్ళు. ఆలివిన్ స్ఫటికం పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న మాగ్మాని వెంట్రుక మందమంత బొట్టుగా తన లోపల మూసేసుకుంటుంది, ఉసిరి పచ్చట్లో నూనె బుడగలా. బయటి మాగ్మా పైకొచ్చి తన నీళ్ళన్నీ ఆవిరిగా పోగొట్టుకున్నా ఈ బొట్టు చాలావరకు దాచుకుంటుంది. ఆ బొట్టుని పరీక్షిస్తే ఇలాంటి అగ్నిపర్వతాల మాగ్మాలో రెండు నుంచి ఆరు శాతం, సగటున నాలుగు శాతం నీళ్ళు. సముద్రం మధ్య రిడ్జ్‌ల బసాల్ట్‌లో అయితే చాలావరకు అర శాతం కూడా ఉండదు.

రెండోది బెరీలియం-10. ఇది ఆకాశంలో పుడుతుంది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువులను కొట్టినప్పుడు తయారై, వానతో పాటు దిగి, సముద్రం అడుగున మట్టికి అంటుకుంటుంది. దాని అర్ధాయువు సుమారు 14 లక్షల ఏళ్ళు, కోటిన్నర ఏళ్ళు గడిస్తే ఇక లేనట్టే. కాబట్టి మాంటిల్‌లో ఇది ఉండటానికి వీల్లేదు. కానీ 1980ల్లో మధ్య అమెరికా, అలాస్కా పక్కనున్న అల్యూషియన్ దీవుల అగ్నిపర్వతాల తాజా లావాలో ఇది దొరికింది. హవాయిలోనూ రిడ్జ్‌లలోనూ వెతికితే లేదు. ఆకాశంలో పుట్టిన పరమాణువు వానలో తడిసి, సముద్రపు బురదలో పడుకుని, పలకతో పాటు దిగి, ద్రవంతో బయటపడి, మాగ్మాలో కలిసి, మళ్ళీ బయటకొచ్చి ఒకరి టెస్ట్‌ట్యూబులో పడింది, అదీ కోటిన్నర ఏళ్ళు గడవకముందే. పలక సామాను మాగ్మాలోకి చేరుతోందని ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

మూడోది పెరూ. ఆండీస్ పొడవునా పలక దిగుతోంది, అగ్నిపర్వతాలు మాత్రం అంతటా లేవు. దక్షిణ పెరూలో మిస్తి, సబంకాయా ఉన్నాయి. ఉత్తర, మధ్య పెరూలో దాదాపు 1,500 కి.మీ. పొడవునా ఇప్పుడు మండే కొండ ఒక్కటీ లేదు. అక్కడ పలక కొంత దిగి, ఆపైన చాపలా అడ్డంగా పరుచుకుపోయింది, మధ్యలో వేడి మాంటిల్‌కి చోటే మిగల్లేదు. పలక ఉంది, రాపిడి ఉంది, వేడి మాంటిల్ లేదు, మాగ్మా లేదు. గైడులో రాసిన రాపిడి సిద్ధాంతాన్ని కొట్టేయడానికి ఇదొక్కటి చాలు.

అగ్నిపర్వతాల వరస పలక లోతుని పట్టి ఉంటుందన్న సంగతి మాత్రం చాలా పాతది. జపాన్ భూకంప శాస్త్రవేత్త కియో వాదాతి 1935లోనే లోతు భూకంపాల మ్యాపు గీసి, అగ్నిపర్వతాలు ఆ గీతలకి సమాంతరంగా ఉన్నాయని చూపించాడు. అప్పటికి పలకల సిద్ధాంతమే పుట్టలేదు.

ఒక మినహాయింపు ఉంది, ఎవరైనా పట్టుకోకముందే నేనే చెబుతాను. లేత, వేడి పలకలు దిగే కొన్ని చోట్ల పలక బసాల్టే కొంత కరుగుతుంది. అల్యూషియన్ దీవుల్లోని ఆడాక్ పేరు మీద ఆ రాళ్ళని ఆడకైట్లు అంటారు. పలక మీది మట్టి కూడా చాలా చోట్ల కొంత కరిగి కలుస్తుంది. కానీ అక్కడ కూడా కరిగించేది నీళ్ళే.

మన దేశం సంగతికొస్తే, మన పలక అంచే అండమాన్ కింద దిగుతోంది. 26 డిసెంబర్ 2004న కదిలి మన కోస్తా దాకా అలలు పంపింది ఆ అంచే. పోర్ట్‌బ్లెయిర్‌కి (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) ఈశాన్యంగా సుమారు 140 కి.మీ. దూరంలో బారెన్ ఐలాండ్, దేశంలో ఇప్పుడు మండుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం. 1787లో మండినట్టు రాతలున్నాయి, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో చల్లారి, 1991లో మళ్ళీ లేచింది, 2005 నుంచి అప్పుడప్పుడూ కక్కుతూనే ఉంది. దానికి ఉత్తరాన నార్కొండం, ఇప్పుడు నిద్రపోతోంది. నార్కొండంలో ఉండేది ఎక్కువగా ఆండెసైట్, డేసైట్ అనే లావా రాళ్ళు. ఇలాంటి ఆండెసైట్‌ని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే గోధుమరంగు హార్న్‌బ్లెండ్ స్ఫటికాలు కనిపిస్తాయి, ఒక్కోదాని చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచు. హార్న్‌బ్లెండ్‌లో రెండు శాతం దాకా నీళ్ళు ఉంటాయి, చుట్టూ ఉన్న మాగ్మాలో కూడా నీళ్ళుంటేనే అది బతుకుతుంది. మాగ్మా పైకి వస్తూ నీళ్ళు పోగొట్టుకుంటే స్ఫటికం అంచునుంచి చెడిపోవడం మొదలుపెట్టి సన్నటి ఇనుప ఆక్సైడ్, పైరాక్సీన్ గింజలుగా విడిపోతుంది. ఆ కాటుక అంచు మందంగా ఉంటే మాగ్మా నెమ్మదిగా వచ్చిందని, అంచే లేకపోతే దూసుకొచ్చిందని లెక్క. పాఠంలో నేను ఈ స్లైడు పెట్టినప్పుడు వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి వచ్చి చూసేవారు.

నీళ్ళు కలిసిన ఈ మాగ్మా ఎందుకు పేలుతుంది అనేది కూడా ఇందులోనే ఉంది. గోలీ సోడా గుర్తుందా? గోలీ బిగిసి ఉన్నంతసేపూ సీసాలో బుడగ కనిపించదు, వేలితో నొక్కగానే ఒక్కసారిగా పొంగుతుంది. ఒక ఘనమీటరు మాగ్మాలో నాలుగు శాతం నీళ్ళంటే నూరు కిలోలు, అది పైకి వచ్చి వెయ్యి డిగ్రీల్లో ఆవిరైతే ఆరు వందల ఘనమీటర్లకు దగ్గరవుతుంది. ఒక ఘనమీటరు బిరడా వెనక ఆరు వందల ఘనమీటర్ల ఆవిరి. 1883లో ఇండోనేషియాలోని క్రకటోవా, 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో, రెండూ ఈ జాతివే.

ఈ జాతిలో చాలా పెద్దదొకటి మన గుమ్మం దాకా వచ్చింది. 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా పేలినప్పుడు సుమారు 2,800 ఘన కిలోమీటర్ల మాగ్మా బయటపడింది, ఇప్పుడు ఆ గొయ్యిలో 100 కి.మీ. పొడవు సరస్సు ఉంది. ఆ బూడిద రెండున్నర వేల కిలోమీటర్లు దాటి వచ్చి నంద్యాల జిల్లా బనగానపల్లె మండలం జ్వాలాపురంలో పడింది. వాగులు కొట్టుకొచ్చి పోగేయడంతో కొన్ని చోట్ల మనిషి ఎత్తు దాటి ఉంటుంది. 2007లో ప్రచురించిన తవ్వకాల్లో ఆ పొర కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి, అంటే అంత బూడిద పడ్డా మనుషులు ఉన్నారు. (ఊరి పేరులో జ్వాల ఉండటం కాకతాళీయమే, దానికి కథలు అల్లకండి.) చేతిలోకి తీసుకుంటే తెల్లటి ముగ్గుపిండిలా మెత్తగా ఉంటుంది, వేళ్ళ మధ్య రాస్తే గరగర. మైక్రోస్కోపులో చూస్తే గింజలు కావు, వంపు తిరిగిన గాజు పెంకులు, కొన్ని ఇంగ్లీషు వై అక్షరంలా మూడు కొమ్మలతో. మూడు బుడగలు పక్కపక్కన పొంగి పగిలితే వాటి మధ్య గోడ మిగిలిన ఆకారం అది. ఆ బుడగలు నీటి ఆవిరివి. అంత పెద్ద మాగ్మా మొత్తం మాంటిల్ నుంచే రాలేదు, కిందనుంచి వచ్చిన మాగ్మా వేడికి సుమత్రా భూపటలం కూడా చాలా కరిగి కలిసింది, కానీ మొదటి నిప్పు పెట్టింది పలక తెచ్చిన నీళ్ళే.

ఇక హిమాలయాలు. అక్కడ ఇప్పుడు దూరుతున్నది సముద్రపు పలక కాదు, ఖండం. ఖండపు రాయి తేలిక, అంత సులువుగా లోతుకు దిగదు. సర్పెంటైన్ నిండిన సముద్రపు పలకలా నీళ్ళు మోసుకెళ్ళదు. పైగా రెండు ఖండాలు ఢీకొని మందం రెట్టింపై, నీళ్ళు అందుకుని కరగాల్సిన వేడి మాంటిల్ చీలికకి చోటు లేకుండా పోయింది. కానీ ఎప్పుడూ లేవనుకోకండి. సుమారు అయిదు కోట్ల ఏళ్ళ కిందట ఖండాలు ఢీకొనే ముందు మధ్యలో టెథిస్ సముద్రం ఉండేది, దాని పలక ఉత్తరంగా ఆసియా కిందకి దిగేది, అప్పుడక్కడ ఆండీస్ లాంటి అగ్నిపర్వతాల వరస ఉండేది. కార్గిల్ నుంచి లేహ్ వెళ్ళే దారిలో షెర్గోల్ దగ్గర ఆ పలక ముక్కలు బ్లూషిస్ట్‌గా పైకి వచ్చి ఉన్నాయి, కొన్నిట్లో లాసొనైట్ ఇంకా ఉంది, అంటే తన నీళ్ళు వదలకముందే వెనక్కి తిరిగొచ్చిన ముక్కలు. లేహ్ వెనకనున్న బూడిదరంగు గ్రానైట్ కొండలు ఆనాటి అగ్నిపర్వతాల కింద గడ్డకట్టిపోయిన మాగ్మా. కుర్రాళ్ళు బైకులేసుకుని ఖార్దుంగ్ లా ఎక్కేది దాని మీదే, అవతలి వైపు దిగితే ఖార్దుంగ్ ఊరి దగ్గర ఆనాటి లావా, బూడిద రాళ్ళు రోడ్డు పక్కనే కనిపిస్తాయి.